మిద్దె మీద పోకర్: ఆశ ఎంత పెట్టుకోవాలి, శ్రమ ఎంత పెట్టాలి? (సమస్య - పరిష్కారం)

తిరుపతిలో ఆదివారం సాయంత్రం బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో ఎవరో ఒకరి మిద్దె మీద చేరి, ప్లాస్టిక్ చిప్స్‌తో టెక్సాస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలతో ఆడే పోకర్) ఆడుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వీళ్లకు ఉద్యోగాలున్నాయి, ఇంట్లో పిల్లలున్నారు, ఆట మీద నిజమైన ఇష్టం కూడా ఉంది. ఆ ఇష్టం రెండు రకాలుగా పాడవుతుంది: ఉన్న టైముకు మించి ఆశపడటం ఒకటి, "ఊరికే టైంపాస్" అని అసలు పట్టించుకోకపోవడం ఇంకొకటి.

చిప్స్ అంటే ఉత్త చిప్సే, వాటి వెనక రూపాయి ఉండకూడదు. మన రాష్ట్ర గేమింగ్ చట్టం 1974 నాటిది. 2020 సవరణతో ఆన్‌లైన్ పందేలు కూడా దాని కిందికి వచ్చాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది. 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్న మాట నిజమే. ఆ తీర్పు పట్టుకుని పోకర్‌కు ధైర్యం చెప్పుకోవద్దు.

"ఏడాదిగా బాగానే ఆడుతున్నా, లెక్క చూస్తే మైనస్"

అందరూ అడిగేది ఇదే. మంచి ఆటగాళ్లు ఆట మానేసేది కూడా ఎక్కువగా ఇక్కడే.

కారణం మీ ఆటలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ముందు హ్యాండ్‌ల లెక్క, అంటే ఎన్నిసార్లు ముక్కలు పంచి ఆడారో, చూడండి. మనమే కలిపి మనమే పంచుకుంటే గంటకు పాతిక హ్యాండ్‌లు నడిస్తే గొప్ప. వారానికి నాలుగు గంటలంటే నూరు, ఏడాదికి దాదాపు 5,000. నూరు హ్యాండ్‌లకు సగటున 5 బిగ్ బ్లైండ్‌లు (ముక్కలు చూడకముందే కట్టాల్సిన పెద్ద పందెం ఒక బిగ్ బ్లైండ్) గెలిచేవాడిని మంచి ఆటగాడనే అనాలి. ఆ లెక్కన అతనికి ఏడాదికి రావాల్సింది 250. కానీ పందేనికి పరిమితి లేని నో-లిమిట్ హోల్డెమ్‌లో నూరు హ్యాండ్‌లకు ఎగుడుదిగుడు (స్టాండర్డ్ డీవియేషన్) 90 బిగ్ బ్లైండ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అది హ్యాండ్‌ల సంఖ్యకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి 5,000 హ్యాండ్‌లకు 640 దాకా పోతుంది. రావాల్సింది 250, ఊగిసలాట 640. అంటే ఆ మంచి ఆటగాడే ఏడాది చివర మైనస్‌లో తేలే అవకాశం సుమారు మూడింట ఒక వంతు. ఇదే లెక్కన అంతంత మాత్రం ఆడేవాడు ప్లస్‌లో తేలి మీసం తిప్పనూ వచ్చు.

కాబట్టి చిప్స్ చూసి తీర్పు ఇచ్చుకోవద్దు, నిర్ణయాలను చూడండి. ఆట ముగిశాక తికమక పెట్టిన ఒకటి రెండు హ్యాండ్‌లు నోట్‌బుక్‌లో రాయండి. పాట్ (మధ్యలో పోగైన చిప్స్) ఎంత, ఎవరు ఎంత వేశారు, మీరు ఏమనుకుని ఏం చేశారు, అంతే. ఎవరు గెలిచారో మాత్రం రాయొద్దు. అది రాస్తే కన్ను దాని మీదే పడుతుంది.

ఒక ఉదాహరణ. టర్న్, అంటే బల్ల మీద నాలుగో ముక్క, పడింది. మీ చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద రెండు. ఇంకొక్క ఆఠీను పడితే ఐదూ ఒకే రకమై ఫ్లష్ అవుతుంది, అది జతను కొడుతుంది. పాట్ 200, ఎదుటాయన జత పట్టుకుని 100 వేశాడు. మీరు 100 పెడితే 300 గెలవొచ్చు, అంటే నూటికి 25 సార్లు గెలిస్తే సరిపోతుంది. కనబడని ముక్కలు 46, అందులో ఆఠీన్లు 9. అంటే నూటికి 20 కూడా లేదు. ఇంతవరకే చూస్తే ఫోల్డ్, అంటే ముక్కలు వదిలెయ్యడమే. కానీ రివర్‌లో, అంటే చివరి ఐదో ముక్కగా, ఆఠీను పడ్డాక ఆయన దగ్గర ఇంకో 110 పైన రాబట్టగలనన్న నమ్మకం ఉంటే కాల్, అంటే ఆయన వేసినంత వేసి కొనసాగడం, సరైనదే. "ఏం జూసి కాల్ చేస్తివప్పా?" అని పక్కాయన అడిగితే ఈ లెక్క చెప్పగలగాలి. చెప్పగలిగితే ముక్క పడకపోయినా మీరు బాగా ఆడినట్టే. వారానికి ఇలాంటి హ్యాండ్ ఒక్కటి నిజాయితీగా విప్పి చూసుకుంటే చాలు, అరగంట పని. ఉద్యోగం చేసుకునే మనిషి పెట్టాల్సిన పట్టుదల అంతే అని నా గట్టి నమ్మకం.

"ఏసుల జత వస్తే చాలు, ఓడిపోతున్నా"

ఏసుల జత 221 హ్యాండ్‌లకు ఒకసారి వస్తుంది. మన మిద్దె లెక్కన రెండు వారాలకు ఒకటి. అందుకే ఓడినవి అంతగా గుర్తుండిపోతాయి. చివరిదాకా ఒక్కరే ఎదురుంటే, వాళ్ల ముక్కలు ఏవైనా కావచ్చనుకుంటే, సగటున నూటికి 85 సార్లు మీదే గెలుపు. ఎదురు ముగ్గురుంటే 64కి పడుతుంది, ఐదుగురుంటే 49కి. ఆరుగురిలో సగం సార్లు మీరే గెలవడం లాభమే, కానీ మిగతా సగం సార్లు ఓటమే కదా.

మన దగ్గర "చూద్దాంలే" అని అందరూ లోపలికి వచ్చేస్తారు. కాబట్టి పుస్తకాల్లో చెప్పినట్టు బిగ్ బ్లైండ్‌కు రెండున్నర రెట్లు వేస్తే ఎవరూ కదలరు. ఐదు రెట్లు వెయ్యండి, మీకన్నా ముందే బిగ్ బ్లైండ్ అంత మాత్రమే వేసి లోపలికి వచ్చిన ప్రతివాడికీ ఇంకో బిగ్ బ్లైండ్ కలపండి. ఒకరిద్దరే మిగిలితే పని సగం అయినట్టే.

"బ్లఫ్ చేస్తే ఒక్కరూ ఫోల్డ్ చెయ్యరు"

చిప్స్ ఊరికే వస్తున్నాయి, పోతే ఇంకో బొత్తి ఇస్తారు. అలాంటప్పుడు ఎందుకు ఫోల్డ్ చేస్తారు? రమ్మీ వచ్చినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. 101 ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే (ముక్కలు వదిలేస్తే) 20 పాయింట్ల పెనాల్టీ, మధ్యలో డ్రాప్ అయితే 40 అని ఉండబట్టే పనికిరాని ముక్కలు వెంటనే కింద పెడతాం.

చిప్స్‌కు విలువ తెచ్చే పని అందరూ కలిసి చెయ్యాలి. మనిషికి ఒక్క బొత్తే ఇవ్వండి, మొదటి గంట తర్వాత మళ్లీ ఇవ్వొద్దు. ఎవరు ఎన్నో స్థానంలో మిగిలారో పాయింట్లు వేసి, ఉగాది నుంచి సంక్రాంతి దాకా ఒక పట్టిక నడపండి. రెండు వారాల్లోనే మనుషులు ఆలోచించి ముక్కలు వదలడం చూస్తారు. అంతదాకా బ్లఫ్ పక్కన పెట్టి, చేతిలో బలం ఉన్నప్పుడు పెద్దగా వేసి రాబట్టుకోండి.

"వీడియోలు చూస్తూనే ఉన్నా, ఆట మారలేదు"

వాటిలో చాలా భాగం సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్ వేసే లెక్కలు, అంటే ఎదుటివాళ్లు కూడా తప్పులేకుండా ఆడతారని అనుకుని వేసినవి. మన బల్ల దగ్గర అలా ఆడేవాళ్లు లేరు. నెలకు ఒకే విషయం తీసుకోండి. ఈ నెల ఏ స్థానంలో కూర్చుంటే ఏ ముక్కలు ఆడాలో చూడండి, వచ్చే నెల పాట్ లెక్క. సాల్వర్ జోలికి తర్వాతైనా వెళ్లొచ్చు.

"ఇంత బాగా ఆడుతున్నా కదా, ఉద్యోగం మానేస్తే?"

వద్దు. ఐదారుగురు స్నేహితుల మీద గెలుపు చూసి జీతం వదులుకోకూడదు. గోవా క్యాసినోల్లో ఆట చట్టబద్ధమే, కానీ అక్కడ పాట్‌లోంచి నిర్వాహకులు వాటా కోసుకుంటారు, ఎదుట కూర్చునేవాళ్లూ వేరే స్థాయి.

"ఓడిన చిరాకు ఇంటిదాకా వస్తోంది"

వరసగా రెండు పెద్ద పాట్‌లు పోతే లేచి, రెండు రౌండ్లు బయట కూర్చుని టీ తాగండి. దీన్ని గుంపు నియమంగా పెట్టుకుంటే ఎవరికీ నామోషీ ఉండదు. అలసిపోయిన రోజు, ఇంట్లో గొడవ పడి వచ్చిన రోజు అసలు బల్ల దగ్గర కూర్చోవద్దు.

పోయింది ఫోన్‌లో డబ్బు పెట్టి రాబట్టుకుందాం అనిపిస్తే, దొంగ లింకులు వెతుకుతుంటే, ఇంట్లో చెప్పకుండా అప్పు చేస్తుంటే, అది ఆటను సరిదిద్దుకుంటే తీరే సమస్య కాదు. ఆ యాప్ ఈరోజే తీసేసి, ఇంట్లో ఒక్కరికైనా విషయం చెప్పండి. టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ గుంపులో ఎవరైనా ఇలా కనబడితే పక్కకు పిలిచి, "అన్నా, నేను తోడొస్తా పద" అనండి. అతను కోలుకునేదాకా ఆట ఆపినా నష్టం లేదు.

"రెండు నెలలకే మనుషులు రావడం మానేశారు"

ప్రతి ఆదివారం రావాల్సిందే అన్న పట్టుదలే దీనికి కారణం. రేణిగుంట ఫ్యాక్టరీలో షిఫ్టులున్నాయన, మార్చిలో బ్యాంకు లెక్కలతో తలమునకలయ్యే ఆయన, పేపర్లు దిద్దే లెక్చరర్ ఆ మాట నిలబెట్టుకోలేరు. రెండుసార్లు రాలేకపోతే మొహమాటంతో మూడోసారీ రారు.

నెలకు రెండు ఆదివారాలు చాలు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర, మధ్యలో ఎవరు గెలుస్తున్నా టైముకు ఆపెయ్యాలి. బ్రహ్మోత్సవాల రోజులు, మేలో గంగమ్మ జాతర వారం మొదటే కొట్టేయండి, ఆ రోజుల్లో ఎవరింట చూసినా చుట్టాలే. పట్టికలో ఒక్కొక్కరి మంచి పది ఆటల పాయింట్లే లెక్కలోకి తీసుకోండి. మొదటి నెల తేదీలు ఇవాళే గ్రూపులో పెట్టి, వచ్చేవాళ్లను ఊ అనమనండి. నలుగురు ఊ అంటే ఆట ఉన్నట్టు, ముగ్గురే అయితే ఆ వారానికి వదిలేయండి.