హనుమకొండకు పరిశోధనకు వస్తున్నారా? ముందు ఏ స్టేషన్లో దిగాలో తేల్చుకోండి

ఇక్కడికి కొత్తగా వచ్చేవారు మొదటి పొరపాటు రైలు దిగేటప్పుడే చేస్తారు. ప్రవేశపత్రం మీద 'వరంగల్' అని ఉంటుంది కాబట్టి వరంగల్ స్టేషన్లో దిగిపోతారు. నేనూ అలాగే దిగాను. విజయనగరం నుంచి రాత్రంతా నిద్రలేకుండా వచ్చి, రెండు పెట్టెలు, ఒక పరుపుచుట్ట, అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ ఆటోలో సర్దుకుని కూర్చున్నాను. అప్పుడు ఆటో ఆయన తాపీగా అడిగాడు: "ఎన్‌ఐటీకైతే కాజీపేటలో దిగాలి కదా సార్?" ఆ తరువాత పన్నెండు కిలోమీటర్లు జాడీని ఒళ్లో పెట్టుకుని ఆ ప్రశ్ననే నెమరువేసుకున్నాను.

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకదానిలో ఒకటి కలిసిపోయిన మూడు ఊళ్లు. నగరపాలక సంస్థ ఒక్కటే, జిల్లాలు మాత్రం రెండు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది. ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం హనుమకొండ జిల్లాలో ఉన్నాయి. ఎంజీఎం ఆసుపత్రి వరంగల్ జిల్లాలో ఉంది. ఇదంతా ఎందుకంటే, రేపు చిరునామా మార్పుకో, ఏదైనా ధ్రువపత్రానికో వెళ్లినప్పుడు 'వరంగల్' అని రాసేసి తప్పు కార్యాలయం ముందు వరుసలో నిలబడకుండా ఉండటానికి.

రైళ్ల సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ వైపు రాదు. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లే తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ అందుకు తలకిందులు: వరంగల్‌లో ఆగుతాయి, కాజీపేటను పక్కనుంచి దాటిపోతాయి. సికింద్రాబాద్–విజయవాడ మార్గంలోని రైళ్లు చాలావరకు రెండు చోట్లా ఆగుతాయి కానీ, విశాఖ వందేభారత్ మాత్రం వరంగల్‌లోనే. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చేవారు ఉప్పల్‌లో ఎక్కి హనుమకొండ చౌరస్తా దగ్గర దిగితే చాలు. విమానమంటే శంషాబాదే.

ఇక అసలు విషయం. డిగ్రీకి వచ్చిన పిల్లవాడికీ పరిశోధనకు వచ్చిన మీకూ ఒక పెద్ద తేడా ఉంది. అతను ఎప్పుడు వెళ్లిపోతాడో అతనికి తెలుసు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అంటాయి 2022 నాటి యూజీసీ నిబంధనలు. మూడేళ్లలో పూర్తి చేసినవారు ఎక్కడో ఉండే ఉంటారు, నాకైతే ఎదురుపడలేదు. కాబట్టి చుట్టపుచూపుగా కాకుండా కాపురానికి వచ్చినట్టు రండి. గది, బ్యాంకు, ఓటు, పరిచయాలు, అన్నీ ఆరేళ్ల లెక్కన చూసుకోండి. "ఎన్నాళ్లుంటాంలే" అని నేను వాయిదా వేసిన ప్రతి పనీ రెండో ఏడాదిలో నా మెడకే చుట్టుకుంది.

గది దొరికించుకోవడం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఈ ఊరికి విద్యార్థులు కొత్త కాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలే 2002లో ఎన్‌ఐటీ అయింది. మొదట ఉస్మానియా పీజీ కేంద్రంగా ఉన్నది 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయంగా మారింది. అంటే ఇక్కడి ఇళ్ల యజమానులు రెండు తరాలుగా విద్యార్థులను చూసి చూసి రాటుదేలినవారు. వాళ్లకు అర్థమయ్యే మనుషులు రెండు రకాలు: ఇంటర్, ఇంజనీరింగ్ పిల్లలు ఒకరు, సంసారులు ఒకరు. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చి, పెళ్లి కాక, ఉద్యోగం లేక, జీతంలాంటిదేదో వస్తూ, పొద్దున్నే సంచి తగిలించుకుని వెళ్లే మనిషిని ఏ అరలో పెట్టాలో వాళ్లకు తెలియదు. "ఇంకా చదువుతున్నారా?" అని అడుగుతారు. ఆ 'ఇంకా' దగ్గర నొచ్చుకోకండి. మీ గైడు సంతకంతో విభాగం నుంచి ఒక ధ్రువపత్రం చేతిలో ఉంచుకుని, "ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తున్నాను" అని చెప్పండి. 'పని' అనే మాటకు తలుపులు తెరుచుకుంటాయి.

గదికి ఇక్కడ అద్దె కాదు, కిరాయి. అద్దె అన్నా అర్థమవుతుంది కానీ, కిరాయి అంటే బేరం తొందరగా మొదలవుతుంది. కాకతీయ వైపు వారు కేయూ క్రాస్, గోపాలపురం, భీమారం, నయీంనగర్ చూస్తారు. ఎన్‌ఐటీ వారికి ఫాతిమానగర్, వడ్డేపల్లి, కాజీపేట దగ్గర. మొదటి ఏడాది హాస్టల్ దొరికితే మాత్రం వదులుకోకండి. ఊరు తెలిశాక బయటికి రావచ్చు.

నయీంనగర్ నాలా చుట్టుపక్కల పల్లపు వీధుల్లో గది చూసేవారికి ఒక జాగ్రత్త. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో ఆ ప్రాంతమంతా నీట మునిగింది. గోడకు కొత్త రంగు వేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. వాననీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో యజమానిని కాదు, ఎదురింటి కిరాణా కొట్టు ఆయనను అడగండి. ఆయన మోకాలో నడుమో చేత్తో చూపిస్తాడు. నడుము చూపిస్తే పై అంతస్తు వెతుక్కోండి.

పై అంతస్తు అన్నాను కదా అని మేడమీది రేకుల గది తీసుకోవద్దు. నేను తీసుకున్నాను. డిసెంబరులో చేరాను, గాలి, వెలుతురు, కిరాయి మిగులు, అన్నీ బాగున్నాయి. ఏప్రిల్ రెండో వారానికి ఆ గదిలో పగలు మనిషే కాదు, కంప్యూటర్ కూడా నిలవలేదు. దానంతట అది ఆగిపోయేది. మే నెలంతా నా సిద్ధాంత గ్రంథంలోని రెండో అధ్యాయం గ్రంథాలయం పంకా కిందే సాగింది. అది నా అధ్యాయాల్లో కాస్త మెరుగైనదని గైడు అన్నారు. అయినా ఆ గదిని సిఫారసు చేయను.

డబ్బు. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ పరిశోధక వేతనం) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ పరిశోధక వేతనం) 42,000 రూపాయలు. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవారికి 12,400. హాస్టల్ లేని పరిశోధకులకు ఇంటి కిరాయి భత్యం ఉంటుంది. ఆ భత్యానికి కేంద్ర ప్రభుత్వం చేసిన నగరాల వర్గీకరణలో వరంగల్ 'వై' తరగతి నగరం కాబట్టి ఆ తరగతికి ఉన్న శాతం ప్రకారం లెక్క కట్టుకోండి. ఈ అంకెలు చూసి చేరిన రోజే బండి వాయిదాల్లో కొనేయకండి. కాగితం మీద నెలకింత అని ఉంటుంది గానీ మొదటి సొమ్ము నాకు ఎనిమిది నెలల తరువాత, అంతా ఒకేసారి వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ మెస్సు ఆయన నా పేరు మీద ఖాతా నడిపాడు. కనీసం ఆరు నెలలకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని రండి. హాజరు, నెలవారీ ధ్రువీకరణ మీ విభాగం నుంచి సమయానికి వెళ్లాయా లేదా అని మీరే వెళ్లి కనుక్కోవాలి. ఆ బల్ల దగ్గరి గుమస్తాతో పరిచయం గైడుతో పరిచయమంత ముఖ్యం.

ఆడపిల్లలకు ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. అయితే అది తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపినవారికే. పక్క రాష్ట్రం ఆధార్‌తో వచ్చి కండక్టరుతో వాదించి లాభం లేదు. ఆరేళ్ల లెక్క అన్నాను కదా, చిరునామా మార్చుకోండి. బస్సు లేనిచోట కాజీపేట నుంచి చౌరస్తా మీదుగా వరంగల్ దాకా షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి.

తిండికి ఇబ్బంది లేదు, కానీ ఒక చిక్కు ఉంది. కళాశాలల చుట్టూ ఉన్న మెస్సులు డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలను నమ్ముకుని నడుస్తాయి. పరీక్షలై వాళ్లు ఇంటిదారి పట్టగానే మెస్సులకు తాళాలు పడతాయి. మే నెలలోనూ, దసరాకూ ఊళ్లో మిగిలేది మనమే. కాబట్టి ఒక చిన్న పొయ్యి, ఒక కుక్కరు కొని పెట్టుకోండి. కూరగాయలకు వెళ్లినప్పుడు మాటలు చూసుకోవాలి. గోంగూర ఇక్కడ పుంటికూర, మొక్కజొన్న మక్కలు. మా విజయనగరం చోళ్లు (రాగులు) ఇక్కడ తైదలు. మా ఆనపకాయ (సొరకాయ) 'ఆనిగెపుకాయ' అని పలకరించినప్పుడు మాత్రం పరాయి ఊళ్లో మేనమామ కనబడినంత సంతోషం వేసింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ దగ్గర మొదటి అక్షరం గట్టిగా పలకండి. నేను గొణిగితే అరకిలో వెల్లుల్లి తూచి ఇచ్చారు, నెల రోజులు తిన్నాను. ఎవరి ఇంట్లోనైనా సర్వపిండి (బియ్యప్పిండి రొట్టె) పెడితే మొహమాటపడకండి, మొదటి ముక్క గట్టిగా ఉన్నా అంచుకు వచ్చేసరికి ఇంకోటి అడుగుతారు.

మాట తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కోస్తా నుంచి వచ్చినవారు ఇక్కడే తప్పుగా అర్థం చేసుకుంటారు. ఇక్కడివారి మాటల్లో 'అండి' తక్కువ. అది లేనంత మాత్రాన మర్యాద లేదనుకోకూడదు. మర్యాద వేరేచోట ఉంటుంది: 'సార్'లో, 'అన్నా', 'అక్కా'లో, అడగకుండా ముందుకు జరిపే చాయ్‌లో. మొదటి నెలలో నా పక్క బల్ల సీనియర్ నన్ను 'నువ్వు' అన్నాడని చిన్నబుచ్చుకున్నాను. జ్వరం వచ్చిన రాత్రి నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే. మీ 'అండి'ని మీరు మానక్కర్లేదు, మీ యాసను దాచుకోనూ అక్కర్లేదు. ఇక్కడివారి యాసను అనుకరించబోవద్దు, అంతే. అది ఎవరికైనా వెక్కిరింతలా వినిపిస్తుంది.

గ్రంథాలయాల్లో విశ్వవిద్యాలయానిది ఎలాగూ ఉంది. తెలుగు, చరిత్ర విభాగాలవారు హనుమకొండలోని శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని తప్పక చూడాలి. 1904లో, నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు దిక్కులేని రోజుల్లో పుట్టిన గ్రంథాలయం అది. నేను రసాయనశాస్త్రం వాడిని, అక్కడ నాకు పనేమీ లేదు. అయినా ప్రయోగాలు చెడిన రోజుల్లో అక్కడికి వెళ్లి కూర్చునేవాణ్ని.

దసరా రోజుల్లో ఊరు ఊరంతా వేరుగా ఉంటుంది. ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం వేయిస్తంభాల గుడి చుట్టుపక్కలకు బండి మీద వెళ్లాలనుకోకండి, నడవండి. మిగతా రోజుల్లో ప్రయోగశాలలో మూతి ముడుచుకుని తిరిగే సహపరిశోధకురాలు తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మను ఎత్తుకుని ఎదురైతే గుర్తుపట్టడం కష్టం. దసరా సాయంత్రం జమ్మి ఆకును 'బంగారం' అని చేతిలో పెట్టి, పెద్దలైతే కాళ్లకు మొక్కుతారు, ఈడువారైతే కౌగిలించుకుంటారు. మెస్సు మూసి ఉన్నా ఆ రోజు ఆకలితో పడుకోరు, ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిస్తే వెళ్లండి. ఏడాదిగా నాతో ముక్తసరిగా మాట్లాడిన నా ఇంటి యజమాని, జమ్మి చేతిలో పెట్టిన తరువాతే గదికి రెండో పంకా వేయించాడు.

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ వారం ఆర్టీసీ బస్సులు చాలావరకు అటే వెళ్తాయి. వైవా, సెమినార్, బయటి పరీక్షకుల రాక, ఏదీ ఆ వారంలో పెట్టుకోవద్దు. మీకు వీలైతే మీరూ జాతరకే వెళ్లండి.

ఊరినుంచి చుట్టాలు వస్తారు, మీరు గైడు అవుతారు. వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి చెరువు ఒక రోజులో అయిపోతాయి. 1213 నాటి రామప్ప గుడికి మాత్రం ఒక పూర్తి రోజు కేటాయించండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారాలు రద్దీగా ఉంటోంది, పనిదినాన వెళ్లడం మేలు.

ఓటు సంగతి చాలామందికి తట్టదు. మామూలు ఓటును ఇక్కడికి మార్చుకోవచ్చు, అది అందరికీ తెలుసు. దానితోపాటు వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల శాసనమండలి నియోజకవర్గం ఒకటి ఉంది. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి, ఇక్కడ నివాసం ఉంటే మీరు అర్హులు. ఫారం 18 నింపాలి. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది కాబట్టి ఒకసారి నింపాను కదా అని ఊరుకోకూడదు.

ఇక సంక్రాంతి. ఇక్కడ సకినాలు, గాలిపటాలు ఉంటాయి, కానీ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవారికి మనసు ఆగదు. 2024 నవంబరు నుంచి రైలు టికెట్లు అరవై రోజుల ముందే ఇస్తున్నారు. అంటే నవంబరు రెండో వారంలో పొద్దున ఎనిమిదికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆ రోజు ప్రయోగం పెట్టుకోవద్దు. తిరుగు టికెట్ కూడా దాని రోజు రాగానే తీసుకోండి. జాడీ తెస్తారు కాబట్టి, ఎన్‌ఐటీ వారైతే కాజీపేట వరకు.