మానేసిన ఉద్యోగి క్లౌడ్ అకౌంట్ డిలీట్ చేసే ముందు జాగ్రత్తలు

ముందుగా చేయాల్సింది డిలీట్ కాదు, లాగిన్ ఆపడం. సైన్-ఇన్ బ్లాక్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న సెషన్లన్నీ సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే ఫోన్‌లో మెయిల్ ఇంకాసేపు తెరుచుకునే అవకాశం ఉంది.

- ఫైళ్లు: గూగుల్ వర్క్‌స్పేస్‌లో అయితే డ్రైవ్ ఫైళ్ల ఓనర్‌షిప్ వేరొకరికి బదిలీ చేయండి. డిలీట్ చేసిన యూజర్‌ను 20 రోజుల్లోపే తిరిగి తెచ్చుకోగలం. మైక్రోసాఫ్ట్ 365లో ఆ గడువు 30 రోజులు. ఆడిటర్ పాత ఇన్‌వాయిస్ అడిగేది సరిగ్గా ఆ గడువు దాటాకే!

- మెయిల్: కస్టమర్లు ఇంకా ఆ అడ్రస్‌కే రాస్తుంటే, మైక్రోసాఫ్ట్ 365లో దాన్ని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (పలువురు కలిసి చూసుకునే మెయిల్‌బాక్స్) మార్చండి. 50 జీబీ వరకు లైసెన్స్ అక్కర్లేదు. మార్చాకే లైసెన్స్ తీసేయండి. అకౌంట్‌ను మాత్రం డిలీట్ చేయొద్దు, చేస్తే ఆ మెయిల్‌బాక్స్ కూడా పోతుంది.

- అడ్మిన్ హక్కులు: మానేసిన మనిషి అడ్మిన్ అయితే, మిగిలిన ఇంకో అడ్మిన్ అకౌంట్‌తో ఒకసారి నిజంగా లాగిన్ అయి చూడండి. లిస్టులో పేరుంటే చాలదు, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వెళ్తోందో కూడా ముఖ్యమే.

అందరూ మర్చిపోయేది మరొకటుంది. డొమైన్ (కంపెనీ వెబ్, మెయిల్ అడ్రస్ పేరు) రెన్యువల్ నోటీసులు, క్లౌడ్ బిల్లులు ఆ మనిషి మెయిల్‌కే వస్తుండొచ్చు. ఆటోమేటిక్ బ్యాకప్ కూడా ఆ అకౌంట్ పేరుమీదే నడుస్తుండొచ్చు. నా లెక్కలో ఫైళ్లకన్నా ముందు చూడాల్సింది ఇదే, డొమైన్ ఆగితే మొత్తం కంపెనీ మెయిలే ఆగుతుంది.

శుక్రవారం సాయంత్రం మాత్రం ఈ పని పెట్టుకోకండి.