మీ టీనేజర్‌కు ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు

2019లో వచ్చిన విస్కాన్సిన్ అధ్యయనం బాల్యానికి మేలు చేసే అనుభవాలు ఏడింటిని లెక్కలోకి తీసుకుంది. అందులో ఒకటి నాకు గుచ్చుకుంది: అమ్మానాన్నలు కాక, పిల్లల్ని నిజంగా పట్టించుకునే ఇద్దరు పెద్దలు. ఊళ్లో మనకు బాబాయిలూ అత్తలూ ఉండేవాళ్లు. ఇక్కడ టెక్సస్‌లో?

ముందు పిల్లల్నే అడగండి, "నీకేదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తావ్?" అని. మావాడు బాస్కెట్‌బాల్ కోచ్ అన్నాడు. ఆ నల్లజాతి పెద్దాయనతో నేను ఒక్కసారైనా మాట్లాడలేదు, సిగ్గేసింది. శనివారం ఆట అయ్యాక పులిహోర డబ్బా పట్టుకెళ్లాను. వెళ్తే మార్కుల ఊసెత్తకండి, ఆయన్ని చెప్పనివ్వండి.

రెండో మనిషి పక్కింటి మెక్సికన్ ఆవిడ. వాళ్లమ్మాయి పదిహేనో పుట్టినరోజుకు మావాడు వెళ్లాడు. ఉగాదికి వాళ్లొచ్చారు, వేపపువ్వు తగలగానే ఆవిడ మొహం చూడాలి!

ఇంట్లో మాటలకైతే కారే మేలు. రోడ్డు చూస్తూ నడపండి, వాళ్లే మొదలెడతారు. అప్పుడు మాత్రం సలహా ఇవ్వకండి. నాకింకా చేతకావట్లేదు.