చదువు, తలపోత, ముచ్చట – 4వ పాఠం: చదివినదాని నుంచి ఒక ప్రశ్న

పోయిన పాఠంలో ఒక కథ చదివి, మనసులో నిలిచినదాన్ని ఒక్క వాక్యంలో రాసుకోమన్నాను. మీరు పంపినవాటిలో చాలావరకు ఇలా ఉన్నాయి: “తల్లి విలువ తెలిసింది.” “డబ్బే అన్నీ కాదని అర్థమైంది.” ఇవి కథ చదవకముందు కూడా మీకు తెలిసినవే. అందుకని ముందు దాన్ని సరిచేసుకుందాం.

నీతి రాయకండి, కంటికి కనిపించింది రాయండి. కరీంనగర్ నుంచి ఒకావిడ “కొడుకు తిని లేచాక ఆమె గిన్నె గీకి అడుగంటింది నోట్లో వేసుకుంది” అని రాశారు. ఈ వాక్యం పట్టుకుని ఎవరినైనా ఒక మాట అడగొచ్చు. ఈ వారం పని అదే.

“అమ్మా, మీ చిన్నప్పుడు మిగిలిన అన్నం ఏం చేసేటోళ్లే?”

“గంజి పోసి పెట్టేది బిడ్డా. పొద్దుగాల ఉల్లిగడ్డ కొరుక్కుంట సద్ది తినేటోళ్లం. మా నాయినకు పొలంకాడికి నేనే పట్కపోయేదాన్ని.”

ఇలా మొదలైతే అరగంట మీరు మాట్లాడనక్కర్లేదు. మొదటి పాఠం నుంచి మనం వెతుకుతున్న సంతోషం ఆ అరగంటలో ఉంది.

దాన్ని చాలామంది మధ్యలో దూరి పాడుచేస్తారు. అమ్మ ఇంకా సద్ది దగ్గరే ఉండగా పిల్లల వైపు తిరిగి “విన్నారా, అన్నం పారేయొద్దని అందుకే అంటా” అంటారు. పిల్లలు లేచిపోతారు, అమ్మ ఊరుకుంటుంది. నాన్నను పాత అప్పు సంగతి అడుగుతారు. ఆయన వడ్డీ లెక్క చెప్తుంటే “అప్పుడే భూమి అమ్మితే పోయేది కదా” అంటారు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడిని వంట ఎవరు చేస్తున్నారని అడిగి, జవాబు రాకముందే “నేనొక కథ చదివిన్రా” అని అందుకుంటారు. వాళ్లు అడిగితేనే కథ చెప్పండి. పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడమూ ఈ బాపతే. బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది, అంతే.

ఎదురెదురుగా కూర్చుని అడగడం నాకు నచ్చదు, ఇంటర్వ్యూలా టెన్షన్ పెడుతుంది. చిక్కుడుకాయల ఈనెలు తీసేటప్పుడో, బతుకమ్మకు గునుగు పువ్వు రంగులో ముంచేటప్పుడో అడుగుతాను. చూపు చేతుల మీద ఉంటే మాట నిదానంగా వస్తుంది.

ఇంట్లో ఎవరూ లేరన్నవాళ్లు గ్రంథాలయానికి వెళ్లండి. హనుమకొండవాళ్లకు శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉండనే ఉంది. నిజాం ఏలుబడిలో, ఉర్దూ రాజ్యమేలే రోజుల్లో, 1904లో తెలుగు కోసం పెట్టుకున్నది. ఏ ఊళ్లోనైనా పేపర్ల బల్ల దగ్గర రోజూ ఒకే వేళకు వచ్చే పెద్దమనిషి ఉంటారు. ఆయన పేపరు మడిచాకే పలకరించండి.

సాధన: ముగ్గురిని అడగండి. ఒకరు మీరు మాట్లాడటం మానేసిన మనిషి అయి ఉండాలి. ఇది కష్టమని తెలిసే ఇస్తున్నాను. వాళ్లు చెప్పింది వాళ్ల యాసలోనే రాసుకోండి. “తినేటోళ్లం” అంటే “తినేవాళ్లం” అని దిద్దొద్దు. మళ్లీ కలిసినప్పుడు వాళ్లకే చదివి వినిపించి, వాళ్లు మార్చమన్నది మార్చండి. మానేసిన మనిషితో జరిగిన ముచ్చటే ముందు పంపండి, వచ్చే పాఠం దాంతో మొదలుపెడతాను.