హెడ్‌ఫోన్‌లో 'స్‌స్' చప్పుడు ఎలా పోయిందంటే (నా అనుభవం)

ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ పెడితే పాట వెనక సన్నగా 'స్‌స్' మని చప్పుడు. మౌస్ కదిపితే అదీ మారేది. హెడ్‌ఫోన్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఫోన్‌కి పెట్టి చూస్తే శుభ్రంగా వినిపించింది. అంటే మదర్‌బోర్డు (ల్యాప్‌టాప్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీది విద్యుత్ అలజడి, శబ్దాన్ని హెడ్‌ఫోన్‌కి పంపే లోపలి సౌండ్ కార్డులోకి చేరుతోందన్నమాట.

అందుకే ల్యాప్‌టాప్ బయట యూఎస్‌బీ పోర్టుకి తగిలించే సౌండ్ కార్డు కొందామనుకున్నాను. దాన్ని ఎంచుకునేటప్పుడు 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ లాంటి అంకెలు (డిజిటల్ శబ్దం ఎంత వివరంగా ఉంటుందో చెప్పేవి) పట్టించుకోలేదు. వినడానికి సీడీ స్థాయి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. నేను చూసింది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సౌండ్ కార్డు అవుట్‌పుట్‌లో విద్యుత్ ప్రవాహానికి ఉండే అడ్డంకి (ఓమ్‌లలో కొలుస్తారు). అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకపోతే మంచిది. నా హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లు, కాబట్టి 4 ఓమ్‌ల లోపు ఉండాలి. 1 ఓమ్‌ది తీసుకున్నాను. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే వోల్టేజీ ఎంత ఇస్తుందో కూడా చూడాలి.

వేరే డ్రైవర్ లేకుండానే పనిచేసింది. ఇప్పుడు పాట ఆగితే నిజంగా నిశ్శబ్దమే!