పోస్టల్ బ్యాలట్‌తో ఓటు వేయడం ఎలా?

ఎన్నికల డ్యూటీ ఆర్డరు చేతికి రాగానే మా అనంతపురం టీచర్లందరం ముందు అడిగేది ఒకటే: ‘మరి మన ఓటు?’ ఊరందరి చేత ఓటు వేయించే మనిషి ఓటు పోకూడదు. బూత్‌కు పోకుండానే కాగితం బ్యాలట్ మీద ఓటు వేసే పోస్టల్ బ్యాలట్ ఉన్నది అందుకే.

ముందు మీరు అర్హులో కాదో చూసుకోండి. ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు, 85 ఏళ్లు దాటిన పెద్దలు, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు, ఎన్నికల సంఘం ప్రకటించిన అత్యవసర సేవల సిబ్బంది దీన్ని వాడుకోవచ్చు. కోసిగి నుంచి మిరప కోతలకు గుంటూరు పోయిన కూలీలకు, కడప నుంచి కువైట్ వెళ్లినవాళ్లకు ఈ వీలు లేదు. వాళ్లు ఊరికి వచ్చి బూత్‌లోనే వేయాలి. ఇంతమంది వలసపోయే సీమలో ఇది పెద్ద లోటే.

ఇంట్లో 85 దాటిన పెద్దవాళ్లు గానీ వైకల్యం ఉన్నవాళ్లు గానీ ఉంటే ఫారం 12డి నింపాలి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపే ఇవ్వాలి. బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఫారం ఇంటికి తెచ్చిస్తారు. వైకల్యం ఉన్నవాళ్లు సర్టిఫికెట్ కాపీ జతచేయాలి. దరఖాస్తు ఒప్పుకుంటే ఓటరు జాబితాలో పేరు దగ్గర ‘పీబీ’ (పోస్టల్ బ్యాలట్) అని గుర్తు పెడతారు, ఇక బూత్‌కు వెళ్లినా ఓటు వేయనివ్వరు. అందుకే పెద్దవాళ్లను అడగకుండా ఫారం ఇవ్వకండి. మా అవ్వకైతే బూత్‌కు పోయి, నలుగురినీ పలకరించి ఓటు వేయడమే ఇష్టం. ఫారం ఇచ్చినవాళ్ల చేత ఓటు వేయించడానికి ఎన్నికల సిబ్బంది చెప్పిన రోజున ఇంటికి వస్తారు. ఆ రోజు మనిషి లేకపోతే ఇంకొక్కసారి వస్తారు, అంతే. వీడియో తీస్తారని టెన్షన్ వద్దు, ఎవరికి వేశారో మాత్రం రహస్యమే. చూపు లేనివాళ్లు ఒకరి సాయం తీసుకోవచ్చు.

డ్యూటీ పడినవాళ్లు ఫారం 12 నింపి, ఆర్డరు కాపీతో ఇవ్వాలి. ఓటరు జాబితాలో మీ పార్ట్ నంబరు, క్రమసంఖ్య ముందే రాసిపెట్టుకోండి. ఓటు ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే (డ్యూటీ వాళ్లు ఓటు వేయడానికి పెట్టే కేంద్రం) వేయాలి. ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా పోస్టులో వేసే పద్ధతి డ్యూటీ వాళ్లకు ఇప్పుడు లేదు.

ఇక కవర్ల దగ్గర తొందరపడకండి. చెల్లని ఓట్లలో చాలావరకు పోయేది ఇక్కడే. మీకు బ్యాలట్, 13ఏ డిక్లరేషన్ (ఈ ఓటు నాదే అని మీరిచ్చే ప్రకటన), 13బి అనే చిన్న కవరు, 13సి అనే పెద్ద కవరు ఇస్తారు. 13ఏ మీద బ్యాలట్ సీరియల్ నంబరు రాసి, సంతకం చేసి, అక్కడున్న గెజిటెడ్ అధికారితో అటెస్ట్ చేయించండి. తర్వాత బ్యాలట్ మీద ఒక్క పేరుకు ఎదురుగా మాత్రమే గుర్తు పెట్టండి. సంతకం గానీ పేరు గానీ దాని మీద పడిందంటే ఆ ఓటు చెల్లదు. బ్యాలట్ ఒక్కదాన్నే చిన్న కవరులో పెట్టి అంటించండి. కవరు మీది నంబరు, 13ఏ మీది నంబరు ఒకటే ఉండాలి. అంటించిన చిన్న కవరునూ, 13ఏనూ విడివిడిగా పెద్ద కవరులో పెట్టండి.

ఒకసారి నా పక్కన కూర్చున్న మేడమ్ చిన్న కవరుకు గమ్ రాస్తున్నారు. కవరు కాస్త లావుగా కనిపించి ‘మేడమ్, డిక్లరేషన్ ఏదీ?’ అన్నాను. బ్యాలట్‌తో పాటు లోపలే మడతపెట్టేశారు! అలాగే అంటించి ఉంటే, లెక్కింపులో పెద్ద కవరు తెరిచినవాళ్లకు 13ఏ కనిపించేది కాదు. చిన్న కవరు తెరవకుండానే ఆ ఓటును పక్కన పడేసేవాళ్లు.

2024 మే 13న మనకు జరిగినట్టు అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కలిసి వస్తే రెండు సెట్లు ఇస్తారు. అసెంబ్లీ బ్యాలట్ గులాబీ రంగు, లోక్‌సభది తెలుపు. ఒక సెట్టు పూర్తిగా అంటించాకే రెండోది ముట్టుకోండి.

సైన్యంలో ఉన్న పిల్లలకు బ్యాలట్ ఆన్‌లైన్‌లో వస్తుంది. ప్రింటు తీసి, గుర్తు పెట్టి, తమ అధికారితో అటెస్ట్ చేయించి పోస్టులో పంపాలి. లెక్కింపు రోజు ఉదయం 8 గంటలలోపు రిటర్నింగ్ అధికారికి (నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి) చేరిన కవర్లే లెక్కలోకి వస్తాయి. సరిహద్దు నుంచి సీమకు పోస్టు రావడానికి రోజులు పడుతుంది. మీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు, బ్యాలట్ వచ్చిన రోజే వేసి పంపేయమని చెప్పండి.