బెరాత్ పట్టణాన్ని ఎలా చూడాలి?

అల్బేనియాలో ఒసూమ్ నది ఒడ్డున ఉన్న బెరాత్‌కు నేను చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఒకే దృశ్యం కనబడి మనసు కష్టపడుతుంది. ఉదయం రాజధాని టిరానా నుంచి వచ్చినవాళ్లు నది ఒడ్డున నిలబడి కొండవాలు మీది తెల్లని ఇళ్లను ఫొటో తీసుకుంటారు, కారులో కోట పైకి వెళ్లి గంటలో దిగుతారు, సాయంత్రానికి ఊరు వదిలిపోతారు. 'వేయి కిటికీల ఊరు' అన్న పేరు విని వచ్చినవాళ్లు ఒక్క గడపైనా దాటి లోపలికి వెళ్లకుండానే తిరిగిపోతున్నారు. ఆర్థడాక్స్ క్రైస్తవులూ ముస్లిములూ శతాబ్దాల పాటు ఒకే లోయలో కలిసి బతికిన ఈ ఊరికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దీన్ని చూడడానికి ఒక వరుస ఉంది: ముందు కొండమీది కోట, తర్వాత దాని కింది మంగలేమ్ పేట, చివర నది అవతలి గోరిత్సా పేట.

సన్నాహం ఎక్కువ అక్కరలేదు. జారని రబ్బరు అడుగున్న బూట్లు, భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు, స్త్రీలకు ఒక చున్నీ, చిన్న నోట్లలో స్థానిక డబ్బు లెక్ ఉంటే చాలు. 1965లో డబ్బు విలువ నుంచి ఒక సున్నా తీసేసినా పాత లెక్కలో ధర చెప్పే అలవాటు ఇంకా పోలేదు కనుక, వెయ్యి అని వినబడినప్పుడు అది వందేమో అడిగి తెలుసుకోండి. టిరానా నుంచి బస్సులో రెండున్నర, మూడు గంటల ప్రయాణం. బస్సు స్టాండు ఊరికి కొంచెం దూరంగా ఉంటుంది, అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కండి.

బస రెండు రాత్రులకు తక్కువ కాకూడదు, అదీ కోట లోపలే. కింద మంచి హోటళ్లు ఉన్నాయని ఎవరు చెప్పినా వినకండి. కాలా అని పిలిచే ఈ కోటలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. పగటి జనం దిగిపోయాక సందుల్లో మిగిలేది వాళ్లూ మీరే.

మొదటిరోజు ఉదయమే బయలుదేరి ముందుగా ఒనుఫ్రి మ్యూజియానికి వెళ్లండి. 1797లో కట్టిన మరియమాత నిర్యాణ చర్చిలోనే ఇది నడుస్తోంది. గర్భాలయానికి అడ్డంగా నిలిచిన చెక్క తెర మీది చెక్కడం ముందు కనీసం పావుగంట నిలబడాలి. 16వ శతాబ్ది చిత్రకారుడు ఒనుఫ్రి వాడిన ఎర్రరంగును ఇక్కడ చూశాక గానీ మిగిలిన చర్చిల గోడలు మీకు అర్థం కావు. అందుకే మ్యూజియాన్ని చివరికి వదిలే పద్ధతి తప్పంటాను.

ఇక అసలు కష్టమైన దశ, తాళాలు తీయించుకోవడం. కోటలోని చర్చిల్లో చాలావాటికి రోజంతా తాళమే ఉంటుంది. తలుపు మూసి ఉండడం చూసి జనం వెనక్కి మళ్లుతారు. అది పెద్ద పొరపాటు. తాళంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, ఆ మనిషిని వెతికి పట్టుకోవడమే మీ పని. మ్యూజియంలో టికెట్ ఇచ్చేవాళ్లను ముందే అడగండి. అక్కడ తెలియకపోతే, గడపల దగ్గర అల్లిన బట్టలు అమ్ముకునే పెద్దమ్మలను అడగండి. 'కిష' అంటే చర్చి, 'చెలెస్' అంటే తాళంచెవి. ఈ రెండు మాటలూ ఒక చిరునవ్వూ ఉంటే పని సగం అయినట్టే.

అయితే జవాబు అర్థం చేసుకోవడంలో జాగ్రత్త కావాలి. అల్బేనియా పాత అలవాటులో అవునంటే తల అటూ ఇటూ ఆడిస్తారు, కాదంటే తల ఎగరేస్తారు. తల ఆడించి ఒప్పుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు గనుక సగం మనకు సులువే. కానీ కుర్రవాళ్లు ఇప్పుడు మిగతా ఐరోపా పద్ధతిలో తల ఊపుతారు కాబట్టి తలను నమ్ముకోకండి, మాట వినండి: 'పో' అంటే అవును, 'యో' అంటే కాదు. ఒకసారి నేను తల ఎగరేసిన ఒక ముసలాయన అవునన్నాడనుకుని ఆయన ఇంటి ముందే అరగంట కూర్చున్నాను.

వేళ కూడా ముఖ్యం. మధ్యాహ్న భోజనం తర్వాత అడగకండి, పది గంటల లోపే అడగండి. ఒక్క చర్చే చూసే వీలుంటే బ్లాకెర్నే మరియమాత చర్చిని తెరవమనండి. 13వ శతాబ్ది నాటి ఆ చిన్న కట్టడంలో 1578లో ఒనుఫ్రి కొడుకు నికొల్లా గీసిన చిత్రాలు ఉన్నాయి. తలుపు తెరిచాక తొందరపడి ముందుకు నడవకుండా, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా గడప దగ్గరే ఆగండి. ఫ్లాష్ వాడకండి, గోడను వేలితో తాకకండి, చెక్క తెర వెనక్కి తొంగిచూడకండి. బయటికి వచ్చాక తాళం తీసిన మనిషికి కొంత డబ్బు చేతిలో పెట్టి 'ఫలెమిందెరిత్' అని కృతజ్ఞత చెప్పండి.

1967లో అల్బేనియా ప్రభుత్వం మతాన్నే నిషేధించి చర్చిలనూ మసీదులనూ మూసేసింది, చాలా చోట్ల కూలగొట్టించింది. బెరాత్‌ను 1961లోనే మ్యూజియం పట్టణంగా ప్రకటించి ఉండడం వల్ల ఇక్కడ ఎన్నో కట్టడాలు దక్కాయి. ఆ తలుపు ముందు ఓపిక పట్టాలని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

కోట విడిచేముందు ఎర్రమసీదు శిథిలాలూ దాని మీనారు మొండెమూ చూడండి. 1417లో ఒట్టొమాన్ తుర్కులు కోటను పట్టుకున్నాక ఇక్కడి సైనికులు నమాజు చేసిన చోటు అది. తర్వాత కాలినడకన మంగలేమ్‌కు దిగండి. రాళ్లు నునుపెక్కి ఉంటాయి, వాన పడితే దిగనే వద్దు.

మంగలేమ్ ముస్లిముల పేట. 15వ శతాబ్దిలో కట్టిన 'రాజు మసీదు'కు నమాజు వేళల మధ్య వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం మానుకోండి. బూట్లు గడప బయటే విడవాలి. పక్కనే 1782లో అప్పటి పాలకుడు అహ్మెత్ కుర్త్ పాషా కట్టించిన, హల్వెతీ అనే శాఖకు చెందిన సూఫీ మఠం ఉంది, దాని చెక్క కప్పు మీది బంగారు పని చూడకుండా కదలకండి. పెళ్లికాని కాపలావాళ్ల కోసం 19వ శతాబ్దిలో వెలసిన బ్రహ్మచారుల మసీదు కాస్త అవతల ఉంటుంది, దాని బయటి గోడల మీద బొమ్మలున్నాయి.

రెండోరోజు మధ్యాహ్నం దాటాక క్రైస్తవుల పేట గోరిత్సాకు వెళ్లండి. కొత్త నడక వంతెన దగ్గరి దారే అయినా, పాత రాతివంతెన మీదుగానే దాటాలని నా పట్టు. 1780లో దాన్ని కట్టించింది సూఫీ మఠం కట్టించిన ఆ పాషాయే. అవతలి సందుల్లో తిరిగి స్పిరిదోన్ చర్చి దగ్గర కాసేపు ఆగండి. గోరిత్సా ఉత్తరానికి తిరిగి కొండనీడలో ఉంటుంది, ఎదుటి మంగలేమ్ మాత్రం దక్షిణపు ఎండలో ఉంటుంది. అందరూ పొద్దున హడావిడిగా తీసే ఆ కిటికీల ఫొటోను మీరు ఇక్కడి నుంచి, దీపాలు వెలిగే వేళ దాకా కూర్చుని తీసుకోండి.